అరటిని పడగొట్టేది గాలా, పురుగా?



మన కారియాపట్టి ప్రాంతంలో అరటి బావి నీళ్ళ పంట. గుండారుకు ఇటూ అటూ ఉన్న మెట్ట భూముల్లో పత్తి, మిరప, జొన్న, ధనియాలు వాననే నమ్ముకుని వేస్తాం. బావిలోనో బోరులోనో నాలుగు నీళ్ళు నిలిచినవారు అరెకరమో, ఎకరమో అరటి పెట్టుకుంటారు. శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం వైపు కొండ కింద ఉన్నంత తోట మనకు లేదు. అందుకే ఇక్కడ ఒక్కొక్క చెట్టూ లెక్కే. నెలల తరబడి నీళ్ళు కట్టి, ఎరువు వేసి, గెల దిగిన తరువాత చెట్టు నడుముకు విరిగి పడితే పోయేది గెల ఒక్కటే కాదు, ఆ గెల మీద తెచ్చిన అప్పు తీరే దారి కూడా పోతుంది.

అలా చెట్లు పడిన తోటకు వెళితే మొదట వినిపించే మాట "ఆడి గాలికి పోయిందండీ" అని. ఆడి నెలలో మన వైపు గాలి గట్టిగా వీచే మాట నిజమే. కాని ఒకే తోటలో, ఒకే వరుసలో, అదే గాలికి పది చెట్లు నిలిచి రెండు చెట్లే పడ్డాయంటే ఆ రెండింటిలో ఏదో ఉందన్నమాట. గాలి చివరి దెబ్బ మాత్రమే కొట్టింది. లోపల తొలిచినది వేరే.

కాబట్టి పడిన చెట్టును వెంటనే ఈడ్చి గట్టు మీద వేయకండి. కొడవలి తీసుకుని దాని దగ్గర కాసేపు కూర్చోండి. మొదట ఎక్కడ విరిగిందో చూడండి. బోదె నడిమిలోనో, గెలకు కొంచెం కిందనో విరిగి, విరిగిన చోట గోధుమరంగు సొరంగాలు, కుళ్ళు వాసన, కాళ్ళు లేని తెల్లటి పురుగులు కనిపిస్తే అది బోదె తొలిచే ముక్కు పురుగు పని. నేల మట్టానికి విరిగి దుంప మట్టిలోనే ఉండిపోతే ఆ దుంపను తవ్వి అడ్డంగా కోయండి. అందులో నల్లబడిన సొరంగాలు ఉంటే దుంప తొలిచే ముక్కు పురుగు. చెట్టు వేళ్ళతో సహా పెళ్ళగించుకుని పడి, వేళ్ళు పొట్టిగా, నల్లగా ఉంటే అవి నులిపురుగులు. వాటిని కంటితో చూడలేం. వేరును నిలువుగా చీలిస్తే ఎర్రటి, నల్లటి మచ్చలు మాత్రం కనిపిస్తాయి. ఇవేవీ లేకుండా విరిగిన చోట నార తెల్లగా, శుభ్రంగా ఉంటే అప్పుడు గాలిని తిట్టండి.

ఇంకొకటి కూడా ఉంది. కింది ఆకులు ముందు పసుపెక్కి, కాడ దగ్గర విరిగి, బోదె చుట్టూ పావడాలా వేలాడుతూ ఉంటాయి. దుంప కోస్తే సొరంగం ఉండదు గాని ఎర్ర గోధుమ చారలు ఉంటాయి. అది పనామా వాడు తెగులు. మట్టిలోని శిలీంధ్రం వల్ల వచ్చేది. దానికి పురుగు మందు ఎంత పోసినా డబ్బు మట్టిలో పోసినట్టే. కొట్టులో "అరటికి పురుగు మందు ఇవ్వండి" అని అడిగితే ఏదో ఒక సీసా ఇస్తారు. ఏ పురుగో చెప్పగలిగినవాడికే సరైన మందు దొరుకుతుంది. కొన్నిసార్లు అసలు మందే అక్కరలేదని కూడా తెలుస్తుంది.

ఇప్పుడు ఈ రెండు ముక్కు పురుగుల సంగతి చూద్దాం. తోట అధికారులు తమిళంలో వీటిని 'కూన్ వండు' అంటారు, గూని పురుగు అని అర్థం. తండు కూన్ వండు బోదెలో ఉండేది, కిళంగు కూన్ వండు దుంపలో ఉండేది. రెండూ ముందుకు సాగిన ముక్కుతో, గట్టి పెంకుతో ఉంటాయి. దుంప పురుగు వడ్లగింజ కంటే కొంచెం పెద్దది, నల్లగా ఉంటుంది. బోదె పురుగు దానికంటే పెద్దది, నల్లగానో ఎర్ర గోధుమ రంగులోనో ఉంటుంది. రెండూ రాత్రి పూట తిరిగేవే. పగలు మీరు ఎంత వెదికినా బయట కనిపించవు. ఎండిన డొప్పల సందుల్లో, కుళ్ళిన మొదళ్ళలో దాక్కుంటాయి. చేత్తో తాకితే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటాయి. చచ్చిందని వదలకండి, కాసేపటికి లేచి పోతుంది.

మన ప్రాంతపు తోటల్లో ఎక్కువ జాగ్రత్త పడవలసినది బోదె పురుగుతో. నేంద్రన్, చెవ్వాళై రకాలంటే దీనికి మరీ ఇష్టం. మనం పూవన్ అనేదాన్ని గోదావరి వైపు తెలుగువారు కర్పూర చక్కెరకేళి అంటారు, మన రస్తాళి వారికి అమృతపాణి, మన మొంథన్ వారికి బొంత. ఆంధ్రలో అచ్చయిన తెలుగు వ్యవసాయ పుస్తకం మీ చేతికి వస్తే ఈ పేర్లు గుర్తుంచుకుని చదువుకోండి. పేరు ఏదైనా బోదె ఉన్న ఏ అరటికీ ఈ పురుగు నుండి పూర్తి మినహాయింపు లేదు.

తల్లి పురుగు బోదె పై డొప్పకు ముక్కుతో చిన్న గాటు పెట్టి, డొప్పలోని గాలి గదిలో గుడ్డు పెడుతుంది. కొద్ది రోజుల్లో పిల్ల పురుగు బయటికి వచ్చి డొప్పను తింటూ లోపలికి పోతుంది. ఇది సాధారణంగా నాలుగైదు నెలలు దాటిన చెట్టులో మొదలవుతుంది. అప్పుడే చెట్టు మనకు ఒక కబురు పంపుతుంది. బోదె మీద మోకాలి ఎత్తు నుండి గుండె ఎత్తు వరకు అక్కడక్కడ జిగురు చుక్కలు కారి ఉంటాయి. మొదట తేటగా జున్ను ముక్కలా ఉండి, ఎండిన కొద్దీ గోధుమ రంగుకు మారుతుంది. ఈ జిగురు కనిపించిన రోజే మీరు మేలుకుంటే చెట్టు దక్కవచ్చు. జిగురు దాటి రంధ్రాలు పడి, వాటిలోనుండి కుళ్ళు రసం కారుతూ ఉంటే పురుగు చాలా లోపలికి పోయిందని లెక్క. బోదె నడుమ ఉన్న దవ్వ వరకు తొలిచిందా, గెల సరిగా బయటికి రాదు, వచ్చినా కాయ ఊరదు. చివరకు ఆ పురుగు బోదెలోని నారతోనే గూడు అల్లుకుని అందులో పెద్ద పురుగుగా మారుతుంది. బోదె చీల్చినప్పుడు నారతో చుట్టిన చిన్న గూళ్ళు దొరికితే ఇక అనుమానమే అక్కరలేదు.

కనుక ఐదో నెల నుండి వారానికి ఒకసారి, పొద్దున్నే, ఖాళీ చేతులతో తోటలో నడవండి. నీళ్ళు కట్టే తొందరలో చూడడం చూడడం కాదు. జిగురు కారిన చెట్టుకు ఒక గుడ్డ పీలిక కట్టుకుంటూ పోతే ఎన్ని చెట్లకు పట్టిందో ఒక్క పూటలో తేలిపోతుంది.

నివారణలో సగం పని శుభ్రతే. నెలకొకసారి ఎండి వేలాడే ఆకులను, వదులైన పై డొప్పలను తీసివేయాలి. పురుగు పగలు దాక్కునే చోటు, గుడ్డు పెట్టే చోటు అవే. అలాగని పచ్చి ఆకులు కోయవద్దు. గెలను నింపేది పచ్చి ఆకే. ఆకు బేరానికి ఆశపడి గెల మీద ఉన్న చెట్టును బోడి చేసే అలవాటు కొందరికి ఉంది, అది వేరే నష్టం. చెట్టు చుట్టూ గుంపుగా లేచే పిలకలను కూడా కోసి వేయాలి, లేకపోతే మొదలు దగ్గర గాలి ఆడదు, మనిషికి చూడడానికీ వీలుండదు.

అసలు చిక్కు గెల కోసిన తరువాత ఉంది. తల్లి బోదెను నిలబెట్టి ఉంచితే దాని సత్తువ పిలకకు దిగుతుందని మన పెద్దలు చెబుతారు. ఆ మాటలో నిజం ఉంది, శాస్త్రజ్ఞులూ కాదనరు. కాని పురుగు ఉన్న తోటలో అదే బోదె పురుగుల పుట్టిల్లు అవుతుంది. గెల పోయి వాడుతున్న బోదెలో గుడ్డు, పిల్ల, గూడు, పెద్ద పురుగు నాలుగూ ఒకేసారి ఉంటాయి. పక్కనే మీ పిలక ఎదుగుతూ ఉంటుంది. జిగురు కనిపించిన తోట అయితే ఆ సత్తువను వదులుకోండి అనే నేను చెబుతాను. బోదెను మొదలుకంటా కోసి, నిలువుగా చీల్చి, ఎండలో పరవాలి. చీల్చకుండా గట్టు మీద దుంగలా పడవేస్తే లోపల తడి ఆరదు, పురుగు హాయిగా ఉంటుంది. మిగిలిన మొదలును కూడా తవ్వి ముక్కలు చేయాలి.

అదే బోదెతో పురుగును పట్టవచ్చు కూడా. తెగులు లేని తాజా బోదెను అడుగు పొడవు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను నిలువుగా రెండు బద్దలు చేయండి. కోసిన ముఖం నేలకు ఆనేటట్టు చెట్ల మొదళ్ళ దగ్గర నీడలో బోర్లించండి. ఎకరాకు 25 నుండి 30 బద్దలు చాలు. కోసిన బోదె వాసనకు రాత్రి పురుగులు వచ్చి కింద చేరుతాయి. పొద్దున్నే బద్ద తిప్పి, పురుగులను ఏరి, సబ్బు నీళ్ళ డబ్బాలో వేయాలి. ఈ పని పిల్లలూ చేయగలరు. ఒక్క హెచ్చరిక. బద్దలు పెట్టి మరిచిపోవడం కంటే అసలు పెట్టకపోవడమే మేలు. కుళ్ళిన బద్దలో పురుగు గుడ్లు పెట్టి మీ తోటలోనే సంతానం పెంచుకుంటుంది. రెండు వారాలకల్లా పాతవి తీసి కొత్తవి వేయాలి.

బద్ద కోసిన ముఖం మీద బివేరియా బాసియానా అనే శిలీంధ్రపు పొడిని పూస్తే ఇంకా మంచిది. అది పురుగు ఒంటికి అంటుకుని, పెంకును తొలిచి లోపల పెరిగి చంపుతుంది. చచ్చిన పురుగు మీద తెల్లటి బూజు కనిపిస్తుంది. అది ప్రాణం ఉన్న మందు. కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. ఎండలో ఉంచకండి. తెగుళ్ళ మందుతో కలపకండి. అలాగే తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ వారు కర్రపెండలం ఆకుల నుండి రెండు మందులు తయారుచేశారు. నన్మ అన్నది పురుగు రాకుండా బోదె మీద పూసేది, మెన్మ అన్నది లోపల చేరిన పురుగుకు బోదెలోకి ఎక్కించేది.

ఎక్కించడం అనగానే పాత అలవాటు ఒకటి చెప్పుకోవాలి. మోనోక్రోటోఫాస్‌ను నీటిలో కలిపి సూదితో బోదెలోకి ఎక్కించే పద్ధతిని చాలా ఏళ్ళు అందరూ పాటించారు, పుస్తకాల్లోనూ అలాగే రాశారు. ఆ మందును కూరగాయల మీద వాడరాదని 2005లోనే ఆంక్ష వచ్చింది. 2023లో దాని 36 శాతం ద్రావణాన్నే నిలిపివేయాలని కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పేనుబంకకు మొవ్వులో వేసే ఫోరేట్ గుళికలు కూడా 2020 డిసెంబరు 31తో నిషేధంలోకి పోయాయి. మూల గదిలో పాత డబ్బా మిగిలి ఉంటే దాన్ని వాడుకుని అవగొడదామని అనుకోకండి. అరటి చెట్టులో మనం పారవేసేది ఏముంది చెప్పండి! ఆకులో అన్నం తింటాం, పువ్వు కూర చేస్తాం, దవ్వ తరిగి పెరుగులో కలుపుకుంటాం, మిగిలిన బోదె పశువుకు వేస్తాం. బోదెలోకి ఎక్కించిన విషం పురుగు దగ్గరే ఆగిపోదు. రసాయన మందు తప్పదు అనుకున్నప్పుడు అది అరటికి అనుమతి ఉన్నదేనా, కొట్టిన ఎన్నాళ్ళకు గెల కోయాలి అని సీసా మీద చదివించుకుని, అధికారిని అడిగి వాడండి.

దుంప పురుగు దారి వేరు. అది ఎగిరి వచ్చేది కాదు, నడిచి వచ్చేది. దూరం పోవాలంటే మన చేతులే దానికి బండి. పురుగు ఉన్న తోట నుండి తెచ్చిన పిలకతోనే కొత్త తోటలో దిగుతుంది. చెట్టు ఎదుగుదల తగ్గి, ఆకులు పాలిపోయి, గెల చిన్నదై, చివరకు మొదలుకు విరుగుతుంది. కాబట్టి దీనికి మందు నాటే రోజునే. ఆకు సన్నగా కత్తిలా ఉన్న సూది పిలకలనే ఎంచుకోండి, వెడల్పు ఆకుల నీటి పిలకలు వద్దు. దుంప మీది వేళ్ళను, పై తోలును పలచగా చెక్కండి. సొరంగం కనిపించిన పిలకను జాలి పడకుండా పారవేయండి. చెక్కిన దుంపలను 54 డిగ్రీల వేడి నీటిలో 20 నిమిషాలు ముంచితే లోపలి గుడ్లు, నులిపురుగులు చాలావరకు చస్తాయి. ఉష్ణమాపకం లేకుండా అంచనా మీద చేస్తే పిలక ఉడికిపోతుంది, జాగ్రత్త. చెక్కిన పిలకలను రాత్రంతా తోటలో కుప్పగా వదిలి మరునాడు నాటకండి. కోసిన దుంప వాసనకు ఆ రాత్రే పురుగు వచ్చి గుడ్డు పెట్టి పోతుంది. నాటిన తరువాత కాస్మోల్యూర్ అనే ఆకర్షక ఎర దొరుకుతుంది. గిన్నె అంచు నేల మట్టానికి సరిపోయేటట్టు పాతి, సబ్బు నీళ్ళు పోసి, పైన ఎర వేలాడదీయాలి. ఎకరాకు రెండు సరిపోతాయి. నడిచి వచ్చే పురుగు కనుక గిన్నె కొమ్మకు కట్టినట్టు ఎత్తున కడితే ఒక్కటీ పడదు.

ఇంతవరకు చెప్పిన పురుగులు ఒక్కొక్క చెట్టును పడగొట్టేవి. ఇప్పుడు చెప్పబోయేది గోటి మీద నిలిచేంత పురుగు, కాని ఊరి అరటినే తుడిచిపెట్టగలది. అది పేనుబంక, తమిళంలో అశ్విని. గోధుమ నలుపు రంగులో మొవ్వులోను, నేలకు దగ్గరి డొప్పల సందుల్లోను గుంపులుగా ఉంటుంది. చీమలు బోదె మీద బారుగా ఎక్కుతూ దిగుతూ ఉంటే అక్కడ డొప్ప తీసి చూడండి, దాని తీపి రసం కోసమే అవి వస్తాయి. అది పీల్చే రసం వల్ల చెట్టుకు పెద్ద నష్టం లేదు. అది మోసుకు తెచ్చే వెర్రితల తెగులు వల్లనే నష్టం. మన వైపు ముడికొత్తు అంటారు. తెగులు చెట్టు రసం కొన్ని గంటలు పీల్చిన పేను ఆ వైరస్‌ను చాలా రోజులు తనలో మోస్తుంది. అది చేరిన చెట్టులో ఆకు కాడ మీద, ఈనె మీద ముదురు ఆకుపచ్చ గీతలు, చుక్కలు తెగి తెగి కనిపిస్తాయి. తరువాత వచ్చే ఆకులు పొట్టిగా, సన్నగా, నిటారుగా తల దగ్గర గుత్తిగా కూడుకుంటాయి. ఇక గెల రాదు, వచ్చినా అక్కరకు రాదు.

ఈ తెగులు శ్రీలంక నుండి 1940 ప్రాంతంలో కేరళకు వచ్చింది. మనకు ఉత్తరాన పళని కొండల దిగువన పెరిగే విరూపాక్షి అరటి పేరు మీరు వినే ఉంటారు. ఆ కొండ అరటిని ఈ తెగులు ఎంతగా తిన్నదంటే వేల హెక్టార్ల తోట కొద్దిపాటికి కుంచించుకుపోయింది. కణజాల పద్ధతిలో వైరస్ లేని మొక్కలు తయారుచేసి మళ్ళీ నాటించవలసి వచ్చింది. విరూపాక్షికి, సిరుమలై అరటికి 2008లో భౌగోళిక గుర్తింపు దొరికింది. ఆ పేరు నిలవాలంటే మొదట చెట్టు నిలవాలి కదా.

వెర్రితల కత్తికి అంటదు, మట్టికి అంటదు. పిలకతోనూ, పేనుతోనూ రెండే దారులు. ఇక్కడ ఒక మాట కాస్త కష్టంగానే చెప్పాలి. పిలకలు అడిగితే లేదనడం మన ఇళ్ళలో మర్యాద కాదు. అమ్మాయి అత్తవారింటికి, వియ్యంకుల తోటకు నాలుగు పిలకలు మూట కట్టి పంపుతాం. వైరస్ లోపల చేరిన పిలక మొదట్లో ఆరోగ్యంగానే కనిపిస్తుంది, గీతలు తేలడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇచ్చినవారికి తెలియదు, పుచ్చుకున్నవారికి తెలియదు. అందుచేత మీ తోటలో ఒక్క చెట్టుకు వెర్రితల వచ్చినా ఆ ఏడు పిలక ఎవరికీ ఇవ్వకండి, ఎందుకివ్వడం లేదో చెప్పండి. బంధువులు ఆ మాట అర్థం చేసుకుంటారు. కణజాల మొక్కలు కొనేవారు వైరస్ పరీక్ష చేసి ధ్రువీకరించిన మొక్కలేనా అని అడగాలి. ఆ ధ్రువీకరణ పద్ధతిని కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2006లోనే ఏర్పాటు చేసింది.

తెగులు చెట్టుకు మందు లేదు. తీసివేయాలి. కాని తీసే వరుస ముఖ్యం. ముందు ఆ చెట్టు మీది పేనులను చంపాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొంచెం సబ్బు కలిపి మొవ్వులోను, డొప్పల సందుల్లోను తడిసేటట్టు కొట్టండి. ఆ తరువాతే చెట్టును దుంపతో సహా తవ్వి ముక్కలు చేయండి. పేనును చంపకుండా చెట్టు నరికితే అవి లేచి పక్క చెట్టుకు పోతాయి. దుంప మట్టిలో వదిలితే మళ్ళీ తెగులు పిలకే లేస్తుంది.

ఇక ఆకుల అడుగున తెల్లటి వలయాలు వలయాలుగా మైనం పూత, కింది ఆకుల మీద మసి పట్టినట్టు నల్లదనం చూసి చాలామంది కంగారు పడతారు. అది సర్పిలాకార తెల్లదోమ. కొబ్బరి మీదా, అరటి మీదా ఉండే కొత్త రకం ఒకటి 2016లో పొల్లాచ్చి దగ్గర మన దేశంలో మొదటిసారి కనిపించింది. దీనికి రసాయనం కొట్టవద్దు. ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ జాతి పురుగు దాని పిల్లల్లోనే గుడ్లు పెట్టి వాటిని అదుపు చేస్తుంది. మనం మందు కొడితే ముందు చచ్చేది ఆ మేలు చేసేదే. ఆకు అడుగున నీటిని వేగంగా కొట్టండి, ఆముదం పూసిన పసుపు రేకులు కట్టండి. మసికి పలచటి గంజి కొడితే ఎండిన తరువాత పొరలా లేచి రాలిపోతుంది.

కాయల మీద తుప్పు రంగు గరుకు మచ్చలు తెచ్చేది తామర పురుగు. రుచి చెడదు గాని వ్యాపారి ధర కోస్తాడు. గెల విచ్చుకోగానే గాలి ఆడే రంధ్రాలున్న సంచి తొడిగితే చాలావరకు తప్పుతుంది. లేత మొక్కల ఆకులు కొరికే లద్దె పురుగులను, గొంగళి పురుగులను ఉన్న ఆకుతో సహా ఏరి చంపితే మన చిన్న తోటలకు సరిపోతుంది.

కోవిల్‌పట్టి పరిశోధనా కేంద్రం పాతది, 1901 నాటిది, కాని అది పత్తికి, మెట్ట పంటలకు. అరటికి తిరుచ్చిలో జాతీయ అరటి పరిశోధనా కేంద్రం 1993 నుండి ఉంది. అంత దూరం పోనక్కరలేకుండా మనకు దగ్గరలో అరుప్పుకోటలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వెళ్ళేటప్పుడు చెట్టుకు ఏదో వచ్చిందని మాటతో వెళ్ళకండి. దొరికిన పురుగును మూత ఉన్న సీసాలో వేసుకుని, తొలిచిన బోదె ముక్కనో దుంప ముక్కనో సంచిలో పెట్టుకుని వెళ్ళండి. వెర్రితల అనుమానం ఉంటే మాత్రం ఆకును, పిలకను బస్సులో మోసుకుపోవద్దు. దాని మీది పేను దారిలో ఏ తోటలో దిగుతుందో చెప్పలేం. ఆ కాడ ఫొటో తీసి చూపించండి, లేదా అధికారినే తోటకు పిలవండి. నాటి ఎన్ని నెలలైంది, ఏ రకం, పిలక ఎక్కడి నుండి తెచ్చారు, ఇంతవరకు ఏ మందు కొట్టారు అనే నాలుగు సంగతులు కాగితం మీద రాసుకుని వెళితే ఆయనకు సగం పని తగ్గుతుంది, మీకు రెండోసారి బస్సు చార్జీ తప్పుతుంది.